ఇన్యూట్ జాతి, వారి భాష, వారి కచేరీ

మనము పాఠశాలలో చదువుకొన్న భూగోళ పుస్తకములలో ఉత్తర ధ్రువ ప్రాంతమును గురించి ఒక చిన్న అధ్యాయము ఉండెడిది. అందు మంచు ఇటుకలతో కట్టిన గుమ్మటపు ఇల్లు, కుక్కలు లాగు బండి, చర్మపు దుస్తులు ధరించి బల్లెము చేతబట్టిన వేటకాడు, వాని బొమ్మ క్రింద 'ఎస్కిమో' అను పేరు కానవచ్చెడివి. ఆ వేటకాడు ఏ భాష మాటలాడునో, తన్ను తాను ఏమని పిలుచుకొనునో ఆ అధ్యాయమున ఉండెడిది కాదు.

ఎస్కిమో అనునది ఇతరులు పెట్టిన పేరు. కెనడా, గ్రీన్లాండు దేశముల యందలి ఆ జనులు దానిని అవమానకరముగా భావింతురు. వారు తమకు తాము పెట్టుకొన్న పేరు ఇన్యూట్. దానికి 'మనుష్యులు' అని అర్థము. ఒక్కడైనచో ఇనుక్, ఇద్దరైనచో ఇనూక్, మువ్వురును అంతకు మించియు ఉన్నచో ఇన్యూట్. సంస్కృతము చదువుకొని శబ్దమంజరి వల్లించినవారికి ఈ ద్వివచనమును చూడగనే ప్రాణము లేచివచ్చును. సంస్కృతము వెలుపల ద్వివచనమును నిత్యవ్యవహారమున నిలుపుకొన్న భాషలు లోకమున మరికొన్ని కలవుగాని, మంచు సముద్రపు టంచున వేటాడు జనుల నోట అది వినవచ్చుననుకొనువారు మనలో అరుదు. గ్రీన్లాండు పశ్చిమ తీరపు మాండలికమున మాత్రము ఇది లోపించినది. ఇన్యూట్ అనునదియే బహువచనము గనుక దానిపై మరల మన 'లు' ప్రత్యయము చేర్చుట ఈ వ్యాసకర్తకు ఇష్టము లేదు.

వీరి నివాసము అలాస్కా ఉత్తర తీరము మొదలు కెనడా ఉత్తర భాగము మీదుగా గ్రీన్లాండు తూర్పు తీరము వరకు వ్యాపించియున్నది. గ్రీన్లాండు జనాభా సుమారు 56 వేలు. అందు అత్యధికులు ఇన్యూట్. కెనడాలో 2021 జనాభా లెక్కల ప్రకారము వీరి సంఖ్య 70,545. మన యొక తాలూకా జనాభాకు మించని ఈ సంఖ్యలు ఖండమంత నేలపై చెదరియున్నవి. భాష మూలమున ఒక్కటియే. గ్రీన్లాండులో దానిని కలాల్లిసుత్ అనియు, తూర్పు కెనడాలో ఇనుక్తిటుట్ అనియు, అలాస్కాలో ఇనుపియాక్ అనియు వ్యవహరింతురు. ఒక పల్లెవారికి పొరుగు పల్లె మాట తెలియును. ఈ కొసవానికి ఆ కొసవాని మాట అంత సులభముగా తెలియదు.

ఈ భాష స్వభావము మనకు మిక్కిలి పరాయిది కాదు. ధాతువు వెంట ప్రత్యయములను ఒకదానిపై ఒకటి పేర్చుకొనుచు పోవుట దీని పద్ధతి. 'వినలేకపోవుచున్నాను' అని మనము ఒక్క మాటలో వినుట, అశక్తత, కాలము, ఉత్తమ పురుష అన్నియు ఇముడ్చుదుము గదా! ఇనుక్తిటుట్ ఇంకను ముందునకు పోవును. 'తుసాత్సియారున్నంగిత్తుఆలూయుంగా' అను ఏకపదమునకు 'నాకు ఏమాత్రము సరిగా వినబడుటలేదు' అని అర్థము. తుసా అనగా వినుట. తక్కినవన్నియు క్రమముగా దానికి అంటుకొన్నవే. ఊళ్ల పేర్లును ఇట్లే. ఇగ్లూ అనగా ఇల్లు. ఇండ్లు గల చోటు ఇగ్లూలిక్. చేపలు సమృద్ధిగా గల చోటు ఇకాలుయిట్. ఈ ఇకాలుయిట్‌ను ప్రభుత్వ పటములలో ఒక ఆంగ్ల నావికుని పేర ఫ్రోబిషర్ అఖాతమని చిరకాలము వ్రాసిరి. 1987లో ఆ ఊరు తన పేరు తాను తిరిగి పొందెను.

ఈ జాతి చరిత్రలో భాష బ్రదికిన తావులు, క్షీణించిన తావులు రెండును కలవు. ఈ భేదమునకు కారణమేమి? మంచి కవులుండుటయో లేకుండుటయో కాదని నా అభిప్రాయము. బడి, అచ్చుయంత్రము, సర్కారు కచేరీ ఏ భాషలో నడచినవి అను ప్రశ్నయే దీనికి కీలకము. ముందుగా గ్రీన్లాండు సంగతి చూతము.

1721లో హాన్స్ ఈగెడె అను మతబోధకుడు సకుటుంబముగా గ్రీన్లాండు చేరెను. ఆయన కుమారుడు పౌల్ ఆ భాషకు నిఘంటువును వ్యాకరణమును కూర్చి, 1766లో క్రొత్త నిబంధన అనువాదమును వెలువరించెను. పిమ్మట వచ్చిన సామ్యుఎల్ క్లైన్‌ష్మిట్ గొప్పవాడు. మొరేవియను మతబోధకుల కుటుంబమున 1814లో గ్రీన్లాండు గడ్డమీదనే పుట్టినవాడు. 1851లో ఆయన ప్రకటించిన వ్యాకరణము ఈ భాషను లాటిను మూసలో పోయక, దాని స్వభావమును బట్టియే వివరించినది. ఆయన నిర్ణయించిన వర్ణక్రమము 1973 సంస్కరణము వరకు, అనగా నూరేండ్లకు పైగా, నిలిచినది. 1845లో నూక్ పట్టణమున ఉపాధ్యాయ శిక్షణాలయము వెలసినది. 1861లో దేశభాషా పత్రిక 'అతుఆగాగ్‌ద్లియూతిత్' పుట్టినది. స్థానికులే దానికి సంపాదకులు, ముద్రాపకులు, చిత్రకారులు. 1914లో మథియాస్ స్టోర్క్ తొలి గ్రీన్లాండు నవల వ్రాసెను. తమ భాషలో బోధించు బడిపంతులు, తమ భాషలో వచ్చు పత్రిక వారికి మూడు నాలుగు తరములకు అలవాటైనవి.

ఈ బలమే తరువాతి కాలమున గ్రీన్లాండును కాపాడినది. ఏలయన 1953లో డెన్మార్కు తన రాజ్యాంగమును మార్చి గ్రీన్లాండును తనలో ఒక జిల్లాగా కలుపుకొనెను. అభివృద్ధి పేర డేనిషు ఉపాధ్యాయులు, డేనిషు మేస్త్రీలు, డేనిషు గుమాస్తాలు ఓడలలో దిగిరి. పిల్లలకు డేనిషు వచ్చినగాని భవిష్యత్తు లేదను మాట ఇంటింట ప్రబలినది. అంతకు ముందే, 1951లో, 22 మంది బాలబాలికలను ఏరి, ఆదర్శ పౌరులుగా తీర్చిదిద్దుటకని డెన్మార్కునకు పంపిరి. వారిలో ఆరుగురు అక్కడనే దత్తతకు పోయిరి. తిరిగివచ్చిన 16 మందిని తల్లిదండ్రుల కప్పగింపక నూక్‌లోని అనాథ శరణాలయమున నుంచిరి. అప్పటికి వారు మాతృభాష మరచిరి. తల్లి మాట బిడ్డకు తెలియదు, బిడ్డ మాట తల్లికి తెలియదు. ఈ చర్యకై డెన్మార్కు ప్రధానమంత్రి 2020 డిసెంబరులో క్షమాపణ చెప్పుకొనెను.

ఉద్యోగులమైన మనకు మరింత సులభముగా బోధపడు విషయమొకటి కలదు. 1964లో గ్రీన్లాండున జన్మస్థల నిబంధన యొకటి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఒకే కచేరీలో ఒకే పని చేయు ఇద్దరిలో డెన్మార్కున పుట్టినవానికి హెచ్చు జీతము, గ్రీన్లాండున పుట్టినవానికి తక్కువ జీతము. అర్హతలు సమానమైనను, చదువు సమానమైనను, పుట్టిన ఊరు జీతమును నిర్ణయించెడిది. వేతన సంఘముల నివేదికలను అక్షరమక్షరము చదువు మనవారికి దీని కటుత్వము వేరుగా వివరింప నక్కరలేదు. రాజకీయ చైతన్యమునకు ఆ నిబంధన గట్టిగా తోడ్పడినది. 1973లో డెన్మార్కున చదువుకొనుచున్న యువకుల 'సుమే' అను గాయక బృందము తమ భాషలో తొలి రాక్ సంగీతపు రికార్డును వెలువరించెను. దాని పేరు 'సుముత్', 'ఎచటికి?' అని అర్థము. దూరదేశమున నుండి తన భాషను తలచుకొనినవారి పాటయే స్వదేశమున ఇల్లిల్లు చేరుట గమనింపదగినది. 1979లో స్వపరిపాలన వచ్చి కలాల్లిసుత్ ప్రధాన భాష అయినది. 2009 నాటి చట్టము దానినే అధికార భాషగా ప్రకటించినది. ఉన్నత విద్యకు నేటికిని డేనిషు తప్పనిసరియగుట మాత్రము అక్కడి విద్యార్థులను బాధించుచునే యున్నది.

కెనడా కథ వేరు. అక్కడ లిపి కథ ముందుగా చెప్పవలెను. అందు మనకొక చుట్టరికము కలదు. జేమ్స్ ఎవాన్స్ అను మతబోధకుడు 1840లో నార్వే హౌస్ అను చోట క్రీ అను ఆదిమ జాతివారి భాషకొక అక్షరమాలను కల్పించెను. అచ్చుయంత్రము లేక, తేయాకు పెట్టెల సీసపు రేకులను కరగించి అక్షరములు పోతపోసెనని ప్రసిద్ధి. ఆ లిపికి ఆంగ్ల సంక్షిప్తలిపితో పాటు మన దేవనాగరియు స్ఫూర్తినిచ్చినదని పండితులు తలంతురు. హల్లుతో అచ్చును కలిపి ఒక్క అక్షరముగా వ్రాయు మన గుణింతపు పద్ధతియే అందు కానవచ్చును. కాని మనము తలకట్టు, గుడి, కొమ్ము చేర్చి అక్షరమును మార్చుదుము. అక్కడ అక్షరమునే త్రిప్పుదురు. ఒకే ఆకృతి మొన పైకి చూచిన 'పి', కుడికి చూచిన 'పు', ఎడమకు చూచిన 'ప'. పొల్లు హల్లులను పై భాగమున చిన్నవిగా వ్రాయుదురు. ఇనుక్తిటుట్‌లో మూల స్వరములు అ, ఇ, ఉ మూడే గనుక ఈ లిపి దానికి చక్కగా అమరినది.

ఈ లిపిని హోర్డెన్, వాట్కిన్సు అను మతబోధకులు 1850ల దశకమున ఇన్యూట్ భాషకు అనువుగా దిద్దగా, 1876లో హడ్సన్ అఖాతపు తీరము చేరిన ఎడ్మండ్ పెక్ దానిని విరివిగా వ్యాప్తి చేసెను. బడులు లేవు, బల్లలు లేవు. తల్లి బిడ్డకు, విడిదివారు విడిదివారికి నేర్పుకొనిరి. ప్రభుత్వము ఒక్క రూకయైనను ఖర్చు పెట్టకమునుపే తూర్పు ఇన్యూట్ జనులలో అత్యధికులు తమ భాష చదువనేర్చిరి. ఈ విషయము నాకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పినది. ఏ బడికిని పోని మితియార్జుక్ నప్పాలుక్ అను స్త్రీ, ఒక మతబోధకుడు భాష నేర్చుకొనుటకు వాక్యములు వ్రాసిపెట్టుమని కోరగా, ఆ పని విసుగెత్తి, పాత్రలను కల్పించి కథ నడపసాగెను. నవల యనునది లోకమున గలదని ఆమె యెరుగదు. 1950లలో ఆరంభమైన ఆ రచన 'సనాక్' అను పేర 1984లో ఇనుక్తిటుట్‌లో అచ్చయినది.

అక్షరము వచ్చినది; సర్కారు మాత్రము వారిని అక్షరములతో గాక అంకెలతో పిలిచినది. ఇన్యూట్ జనులకు ఇంటిపేరు లేదు. చనిపోయిన పెద్దల పేరు బిడ్డకు పెట్టుట వారి ఆచారము. పేరుతో పాటు ఆ వ్యక్తి బంధుత్వమును బిడ్డకు సంక్రమించును. అవ్వ పేరు ధరించిన పసివానిని కన్నతల్లియే 'అమ్మా' అని పిలుచును. పేర్లకు స్త్రీ పురుష భేదము లేదు. తాతపేరు మనుమనికి పెట్టి, ఆ పేరుతో గద్దించుటకు జంకు మన పెద్దలకు ఈ ఆచారములోని మర్మము తెలియును. పోలీసులకును వైద్యులకును జమా ఖర్చుల గుమాస్తాలకును ఇది గందరగోళముగా తోచినది. అందువలన 1941 మొదలు ప్రతి ఇన్యూట్ వ్యక్తికి అంకె చెక్కిన గుండ్రని బిళ్ల నిచ్చిరి. తూర్పువారికి 'ఈ', పడమటివారికి 'డబ్ల్యూ', పిమ్మట జిల్లా సంఖ్య, వ్యక్తి సంఖ్య. కొందరు దానిని మెడలో కట్టుకొనిరి. కొందరు చొక్కాకు కుట్టుకొనిరి. కుటుంబ భత్యము రావలెనన్నను, ఆసుపత్రిలో చేరవలెనన్నను ఆ అంకె చెప్పవలెను.

ఫైలునకు నంబరు వేయుట మన నిత్యకృత్యము. నంబరు లేని కాగితము నడవదనియు ఎరుగుదుము. అయినను ఫైలునకు వేసినది మనిషికి వేసినపుడు ఏమగునో చూడుడు. 1950లలో క్షయవ్యాధి విజృంభింపగా, సర్కారు వైద్యనౌకలు తీరము వెంబడి వచ్చి రోగులను దక్షిణ నగరముల ఆరోగ్యశాలలకు కొనిపోయినవి. 1956 నాటికి ఏడుగురిలో ఒకరు అట్లు దక్షిణమున నుండిరి. కొందరు ఏండ్ల తరబడి అక్కడ నుండి, భాష మరచి తిరిగివచ్చిరి. కొందరు అచ్చటనే మరణింపగా సమాధి ఎక్కడనో ఇంటివారికి తెలియలేదు. బిళ్ల యుండియు జాడ తెలియలేదు! కెనడా ప్రధానమంత్రి 2019 మార్చిలో ఇకాలుయిట్ నగరమున దీనికై క్షమాపణ కోరెను. ఆ సమాధులను వెదకు కార్యమునకు 'ననిలావుట్' అని పేరు. 'వారిని కనుగొందము' అని అర్థము.

ఆ దశాబ్దముననే సర్కారు బడులు, వసతిగృహములు వెలసినవి. అందు ఇనుక్తిటుట్ పలికిన పిల్లలను శిక్షించుట సామాన్యము. ఈ పాఠశాలల విధానమునకై 2008లో కెనడా ప్రభుత్వము పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. విచిత్రమేమన, ఆ బడులలో ఆంగ్లము నేర్చిన పిల్లలే పెద్దవారై, సర్కారుతో సర్కారు భాషలోనే వాదించి స్వపరిపాలన సాధించిరి.

అంకెల బిళ్లలను తొలగించు పని ఏబ్ ఓక్పిక్ అను ఇన్యూట్ పెద్దమనిషికి అప్పగింపబడినది. 1965లో వాయవ్య ప్రాంత మండలిలో సభ్యత్వము పొందిన తొలి ఇన్యూట్ ఆయనయే. 1968 మొదలు 1971 వరకు విమానములలోను మంచుబండ్లపైనను ఊరూరు తిరిగి, ప్రతి కుటుంబమును ఒక ఇంటిపేరు ఎన్నుకొనుమని కోరెను. పలువురు తండ్రి పేరునో తాత పేరునో ఎన్నుకొనిరి. అన్నదమ్ములు వేరువేరు ఇంటిపేర్లు తీసుకొనుటయు కలదు. అవి రికార్డులలో తప్పుల తడకలుగా నెక్కినవి. సర్వీసు పుస్తకమున ఇంటిపేరులోని ఒక అక్షరమును దిద్దించుకొనుటకు అర్జీ వెంట అర్జీ పెట్టుకొనినవారు మన సంఘమునను లేకపోలేదు.

1971లో టాగక్ కర్లీ అధ్యక్షుడుగా అఖిల కెనడా ఇన్యూట్ సంస్థ ఏర్పడినది. లిపిని ఏకరూపము చేయు ప్రయత్నము 1976లో ఫలించి, అక్షరమాలకును రోమను లిపికిని సరిసమానమైన రెండు పద్ధతులు నిర్ణయమైనవి. ఇక్కడ ఒక చిన్న సంగతి. మొన క్రిందికి చూచు నాల్గవ వరుస 'ఐ, పై, తై, కై' అక్షరములను నాడు తొలగించిరి. కారణము భాషాశాస్త్రము కాదు. విద్యుత్ టైపుయంత్రపు గోళముపై చోటు చాలకపోవుట! వత్తులు, దీర్ఘములు పట్టక తెలుగు టైపుయంత్రము పెట్టిన బాధలెరిగినవారు దీనిని విని నిట్టూర్పక మానరు. నునావిక్ ప్రాంతమువారు తరువాత ఆ వరుసను మరల తెచ్చుకొనిరి.

ఇగ్లూలిక్ గ్రామస్థుల కథయు చెప్పవలసినదే. 1970లలో టెలివిజను వచ్చునన్నపుడు, అందు తమ భాషలో ఒక్క కార్యక్రమమును లేదని, ఆ గ్రామము ఓటువేసి దానిని రెండు మారులు నిరాకరించెను. 1980ల ఆరంభమున ఇన్యూట్ ప్రసార సంస్థ వెలసిన పిదపనే సమ్మతించెను. పందిరి వేసిన తరువాత పెండ్లికి పిలుచుట గాక, పెండ్లివారి భాష ఏదని ముందుగా అడిగిన గ్రామమది. 1986లో ఆ ఊరి వృద్ధులు తమ జ్ఞాపకములను, వేట విధానములను, తారల పేర్లను నాదపట్టికలపై భద్రపరుప నారంభించిరి. ఆ గ్రామముననే స్థిరపడిన జకరయాస్ కునుక్ ఇనుక్తిటుట్‌లో తీసిన 'అతనార్జువాట్' చలనచిత్రము 2001లో కాన్ నగరపు ఉత్సవమున తొలి చిత్రములకిచ్చు బహుమానము పొందెను.

1993 ఒప్పందము ననుసరించి 1999 ఏప్రిలు 1వ తేదీన నునావుట్ రాష్ట్రము అవతరించినది. 'మన నేల' అని ఆ పేరునకు అర్థము. విస్తీర్ణమున కెనడాలో అయిదవ వంతు. ఆ సంవత్సరముననే క్రొత్త ప్రభుత్వము 2020 నాటికి తన కచేరీలలో ఇనుక్తిటుట్ వ్యవహార భాష కావలెనని సంకల్పము ప్రకటించెను. ఒప్పందపు 23వ ప్రకరణము ప్రకారము ఉద్యోగములలో ఇన్యూట్ జనుల భాగము జనాభాలోని వారి భాగమునకు, అనగా నూటికి 85కు, సమానముగా నుండవలెను. ఆ భాగము నూటికి ఏబది దరిదాపులనే నిలిచినది. అదియు దిగువ తరగతి ఉద్యోగములలోనే హెచ్చు. పై అధికారులు దక్షిణమునుండి వచ్చి, కొంతకాలముండి పోవువారు.

దీనికి కారణము విచారించుటకు నియుక్తుడైన థామస్ బర్జర్ అను న్యాయవేత్త 2006 మార్చిలో నివేదిక సమర్పించెను. ఉద్యోగముల సమస్యపై విచారింపబోయి ఆయన బడి గుమ్మము కడ నిలిచెను. పిల్లలు తొలి తరగతులలో ఇనుక్తిటుట్‌లో చదివి, నాల్గవ తరగతి ప్రాంతమున హఠాత్తుగా ఆంగ్లములోనికి పోవుచున్నారు. మొదటి భాష పండదు, రెండవది నాటుకొనదు. నలుగురిలో ఒక్కరు మాత్రమే ఉన్నత పాఠశాల ముగించుచున్నారు. రెండు భాషలును తుది తరగతి వరకు నడపినగాని కచేరీ భాష మారదని ఆయన నిర్ధారణ. ఇంత సూటియైన సర్కారు నివేదికలు అరుదు.

2008లో రెండు చట్టములు వచ్చినవి. ఉద్యోగికి తన భాషలో పని చేయు హక్కు, ప్రజలకు తమ భాషలో సమాధానము పొందు హక్కు అందు కలవు. పదములు కల్పించి స్థిరపరచుటకు 'తైగూసిలియూక్తియిట్' అను అధికార మండలియు ఏర్పడినది. అన్ని తరగతులలోను ఇన్యూట్ భాషా బోధనకు 2019-20 విద్యాసంవత్సరము గడువు. ఉపాధ్యాయులు చాలలేదు. శిక్షణకు ధనము చాలలేదు. సమీప ప్రాంతముల మాండలికములలో ఏది వాడవలెనను వివాదము తీరలేదు. 2019లో జాతీయ ఇన్యూట్ సంస్థ అందరికిని ఒకే రోమను వర్ణక్రమము నంగీకరింపగా, తల్లుల యొడిలో నేర్చిన అక్షరమాలను విడువజాలమని తూర్పువారిలో పలువురు బాధపడిరి. ఉభయుల వాదమును సమంజసమే గనుక ఈ తగవు త్వరగా తెగదు.

2020 నవంబరులో శాసనసభ గడువును సవరించెను. పండ్రెండవ తరగతి వరకు ఇన్యూట్ భాషా పాఠములను క్రమక్రమముగా ప్రవేశపెట్టుటకు క్రొత్త గడువు 2039. భాష ఒక పాఠముగా మిగులునే గాని బోధనాభాష కాదని ఆక్షేపించి, ఒప్పందమున ఇన్యూట్ పక్షమును వహించు సంస్థ 2021 అక్టోబరులో తమ సొంత రాష్ట్ర ప్రభుత్వముపైనే న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. నునావుట్ అవతరించిన సంవత్సరమున పుట్టిన శిశువు ఆ గడువు నాటికి నలువది యేండ్లవాడగును. వాని బిడ్డలు ఇప్పుడే బడిలో చేరుచుండవచ్చును.